ఇరవై లీటర్లు

మా తమ్ముడు యాసెన్కో పడుకోబోయే ముందు
ఇప్పటికీ ఆరు సీసాల్లో నీళ్లు పట్టి
మంచం కింద వరసగా పెడతాడు.
ఇది స్వీడన్. ఊరి పేరు బురోస్.
ఇక్కడ కుళాయి ఎండిపోయిన రోజుని
మా మెట్లకింది ముసలాయన కూడా ఎరగడు.
అయినా వాడి చెయ్యి మాట వినదు.

అప్పుడు వాడికి పదకొండు, నాకు పదమూడు.
సరాయెవోలో, కొండవాలు వీధిలో, నాలుగో అంతస్తు.
కిటికీలకు అద్దాలు పోయి ప్లాస్టిక్ పట్టా మిగిలింది,
గాలి వీస్తే ఇల్లంతా ఊపిరి పీల్చినట్టుండేది.
అమ్మ బియ్యం మాడ్చి, దంచి, కాచి
కాఫీ అనేది.
మేమూ తాగి, కాఫీయే అనేవాళ్లం.

నీళ్లకి బీరు కార్ఖానా దాకా దిగాలి.
ఖాళీ డబ్బాతో దిగుడు, నిండు డబ్బాతో ఎక్కుడు.
"ఈ ఊరు కట్టినవాడు
నీళ్లు మోసేవాళ్లని ఒక్క మాట అడగలేదు" అనేవాడు నాన్న,
మెట్టుమెట్టుకీ ఆగి, ఆయాసాన్ని నవ్వులో దాచుకుంటూ.

ఆ మంగళవారం సంగతి నేను రాయను.
ఒక్కటే రాస్తాను:
ఇరవై లీటర్ల డబ్బాకి పక్కన చిల్లు పడింది.
యాసెన్కో ఆ చిల్లులో బొటనవేలు దూర్చి
ఒక్క చుక్క పోనీకుండా
డెబ్బై రెండు మెట్లూ ఎక్కాడు.
నాన్నని వేరేవాళ్లు మోసుకొచ్చారు.

తర్వాత బస్సులు. సంతకాలు. పడవ.
చెరువు ఒడ్డున చెక్క బారకాసులు, మంచు.
గున్వోర్ టీచర్ గ్లాసు పైకెత్తి "వత్తెన్" అంది.
నీళ్లనే మాట నేర్చుకోడానికి
క్లాసంతా నీళ్లు నమిలాం.
వాడొక్కడే అనలేదు.
లేచి వెళ్లి, ఆమె చేతిలో గ్లాసు తీసుకుని
గటగటా తాగేశాడు.

అమ్మ ఆస్పత్రి గదులు తుడిచిన మొదటి జీతంతో
అసలు కాఫీ కొంది.
ఒక గుక్క తాగి, పెదవి విరిచి,
"బియ్యం తగ్గింది" అంది.
మేం ముగ్గురం ఎంత నవ్వామంటే
పక్కవాటా వాళ్లు గోడ కొట్టారు.
గోడ కొడితే నవ్వు ఆపి
ముగ్గురం ఒకేసారి నేలమీద పడుకున్నాం.
అది కూడా రాయాలి.

నేను నర్సు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాను.
రక్తమంటే జంకు లేదు.
మెట్లంటేనే. ఒక్క అంతస్తుకైనా లిఫ్టే ఎక్కుతాను.
వాడు ప్లంబరయ్యాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

మొదటి పిలుపు, ఇంగెయెర్ద్ అనే ముసలావిడ ఇల్లు.
వంటింటి గొట్టం మూడు వారాలుగా కారుతోందట,
ఆ చప్పుడుకి నిద్ర లేదట, ప్రాణం పోతోందట.
వాడు సంచీ విప్పలేదు.
ముందు వంగి, బొటనవేలు అడ్డం పెట్టాడు.
అలాగే ఉండిపోయాడు, చాలాసేపు.
"పానా తేలేదా అబ్బాయ్?" అందావిడ.
తెచ్చాడు. బిగించాడు. డబ్బులు తీసుకున్నాడు.
ఆవిడ పెట్టిన దాల్చినచెక్క రొట్టె
మెట్లమీద కూర్చుని తిన్నానని నాకు ఫోన్ చేశాడు.
ఇంకేం చెప్పలేదు.

మొన్న ఆదివారం వాడి కూతురు సెల్మా,
నాలుగేళ్లది, మంచం కిందికి దూరి
ఆరు సీసాలూ బయటికి లాగి
బకెట్లో గుమ్మరించి బొమ్మకి స్నానం పోసింది.
తివాచీ చెరువైంది.
అమ్మ, నేను గుమ్మంలోనే కొయ్యబారిపోయాం.
వాడు వచ్చి చూశాడు.
ఖాళీ సీసాల్ని చూశాడు.
మేజోళ్లతోనే తడిలో చతికిలబడి
"చెవుల వెనకాల రుద్దలేదు" అన్నాడు.

ఆ రాత్రి మళ్లీ పట్టాడు. నేను లెక్కపెట్టాను, ఆరే.
ఒకదానికి మాత్రం మూత లేదు.
అది బొమ్మదట,
దానికి రాత్రిపూట దాహమేస్తుందట.