నలభై ఒకటి

మా ముత్తాత వెండెలిన్ క్రియర్ బండిచక్రాలు చేసేవాడు.
విస్కాన్సిన్‌లో, సరస్సు గాలి తగిలే మా ఊళ్ళో
వెన్న ఫ్యాక్టరీ తగలబడిన రాత్రి
బకెట్లు చేతులు మారి మారి వచ్చేసరికి
సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయట.
తెల్లారి బూడిదలో నిలబడి
"సగం" అన్నాడట.
అంతే, ఇంకేమీ అనలేదు.

మొదటి ఫైరింజన్‌ని గుర్రాలు లాగాయి.
నాలుగోదానికి మోటారు వచ్చింది.
మోటారుకంటే ముందు గంట వచ్చింది:
మిల్వాకీ దాకా వెళ్ళి, పదకొండు గంటలు మోగించి చూసి
పన్నెండోది ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాడు.

పరీక్ష రోజు ఊరందరికీ తెలిసేది.
గొట్టం ఏట్లో వదిలి, పంపు తిప్పి
చర్చి శిఖరం మీది రేకు కోడిపుంజును కొట్టాలి.
కోడి గిర్రున తిరిగితే బండి పాసు.
ఆడవాళ్ళు ముందే తీగల మీది బట్టలు తీసేసుకునేవారు.
ఫాదర్ టెయిసెన్ గొడుగేసుకుని కింద నిలబడి
తిడుతూనే
ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టేవాడు.

ఏడాదికి రెండు బండ్లు. కలిసొస్తే మూడు.
పెద్ద కంపెనీలు వారానికే అన్ని చేస్తాయని ఎవరైనా అంటే
మా తాత అలోయిస్ చూపుడువేలు చూపించేవాడు,
గేరు పళ్ళు తినేయగా మిగిలిన ముక్కని.
లియొకాడియా అత్త ఊపిరి బిగబట్టి
తలుపుల మీద బంగారు రేకుతో ఊళ్ళ పేర్లు రాసేది,
తనెన్నడూ చూడని ఊళ్ళు.
ఒక్క తుమ్ముకి డాలరున్నర నష్టం.

లెక్కల పుస్తకంలో నలభై తర్వాత నలభై రెండు.
తొమ్మిదేళ్ళప్పుడు తాతని అడిగాను.
"అచ్చుతప్పు" అన్నాడు,
చేత్తో రాసిన పుస్తకానికి.

అత్త చెప్పింది, చాలా ఏళ్ళ తర్వాత, బ్రష్షు కడుగుతూ.
ముప్ఫయ్యారు జనవరి. ఉమ్మితే గడ్డకట్టే చలి.
ఉత్తరాన ఒక కలప ఊళ్ళో అద్దెగదుల ఇల్లు అంటుకుంది.
మా బండే ముందు చేరింది. పంపు తిరగలేదు.
ఒక తల్లి, ఆరేళ్ళ కొడుకు.
అందరూ చలినే తప్పుపట్టారు. బీమావాళ్ళూ అదే రాసుకున్నారు.
తాత మాత్రం రైలెక్కి వెళ్ళి
పంపుని ముక్కలు ముక్కలుగా విప్పి నేలమీద పరిచాడు.
నీళ్ళు వదిలే మర అరంగుళం ఎత్తులో బిగించి ఉంది.
అడుగున గుప్పెడు నీళ్ళు మిగిలి, గడ్డకట్టాయి.
గుప్పెడు.

మర బిగించింది ఎవరో అత్త చెప్పలేదు.
బండిని వెనక్కి తెచ్చి, నంబరు రేకు పీకి
ఇంకొకటి ఊరికే ఇచ్చారు.
ఆ తర్వాత ప్రతి బండి కిందా తాత వెల్లకిలా పడుకుని
మర తిప్పి, అరచెయ్యి పట్టి
చివరి చుక్క రాలేదాకా కదిలేవాడు కాదు.
పనివాళ్ళు దాన్ని జపం అనేవారు, ఆయన వినకుండా.
తాత పోయాక నాన్న పడుకున్నాడు. నాన్న తర్వాత నేను.

షెడ్డు కొన్నవాళ్ళ లాయరు నిన్న వచ్చాడు.
"ఆఖరి నంబరు మూడువందల పంతొమ్మిది,
అమ్మినవి మూడువందల పద్దెనిమిది. ఒకటి తేలడం లేదు."
నేను ఆ ఆఖరిదాని కింద ఉన్నాను.
కోడిపుంజు ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయింది,
తడిసింది గానీ తిరగలేదు.
చుక్క. చుక్క.
ఆయన బూట్లు నా తల దగ్గర అటూ ఇటూ కదిలాయి.
"అయిందా?"

ఆగండి, అన్నాను.
ఇంకొకటి ఉంది.