లాభం, రెండు, మూడు

మే నెల. మిర్చి యార్డుకు సెలవులు.
కాటా ముల్లు సున్నా దగ్గర నిలబడి నిద్రపోతోంది.
నల్లపాడు రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీల ముందు
లారీల కింది కుక్కలు మాత్రమే డ్యూటీలో ఉన్నాయి.
"పదన్నా, నీలకంఠ రొయ్యలు పడదాం," అన్నాడు సుభానీ.
సీతానగరంలో వాళ్ళ పిన్ని ఇల్లుందట,
రెండు రోజులు కృష్ణలో నానితే
నా దగ్గు కూడా నానిపోతుందట.

పంతొమ్మిదేళ్ళుగా నా ఊపిరి ఎర్రగానే ఉంది.
తేజా రకం దిగే నెలల్లో
తుమ్ముతూ లెక్కపెడతాను, లెక్కపెడుతూ తుమ్ముతాను.
మొదటి టిక్కీని ఒకటి అనకూడదు యార్డులో,
లాభం అనాలి.
లాభం, రెండు, మూడు...
ఎవరి లాభమో నేనెప్పుడూ అడగలేదు.

బ్యారేజీ గేట్లన్నీ మూసే ఉన్నాయి.
దిగువన నది మడుగులు మడుగులుగా తెగి
రాళ్ళ సందుల్లో సర్దుకుని కూర్చుంది.
వంతెన మీద ఆగిన రైల్లోంచి
ఎవరో మా వైపు రూపాయి విసిరారు.

అంకాలమ్మ అప్పటికే నీళ్ళలో ఉంది.
అరవై దాటిన మనిషి. వల లేదు, గాలం లేదు,
నడుముకు కట్టుకున్న ఎరువుల సంచి ఒక్కటే.
వన్‌టౌన్‌లో నూట ఇరవైకి కొన్న నా నీటి కళ్ళద్దాలు చూసి
"అయ్యెందుకూ? చూసేది చెయ్యి గదా," అంది.
"రాయికి రెండు వాకిళ్ళుంటయ్.
ఎనక వాకిట్లో పాదం అడ్డం పెట్టు,
ముందు వాకిట్లో అరచెయ్యి పరువు.
పట్టుకోబాక. అదే వచ్చి ఎవురా అని తడుముద్ది.
అప్పుడు."

లాభం, రెండు, మూడు, నాలుగు,
ఐదుకే పైకొచ్చాను, కళ్ళలో నీళ్ళతో, ముక్కులో నదితో.
సుభానీ నవ్వీ నవ్వీ తనూ మింగాడు కొంచెం.
మధ్యాహ్నానికి లెక్క పద్నాలుగు దాకా సాగింది.
నీళ్ళ అడుగున దగ్గు రాదని అప్పుడు తెలిసింది,
రావడానికి దానికైనా గాలి కావాలిగా.

పొద్దు వాలే వేళ, ఓ నల్లరాయి కింద
కాటా ముల్లులా వణుకుతూ ఒక మీసం
నా నడిమి వేలిని తాకింది.
ఆగింది.
చురుక్కున వెనక్కి పోయింది.

నాకర్థమైంది.
శనగపిండితో రుద్దినా, కొబ్బరినూనె రాసినా
ఈ చేతుల కారం పోదు.
హేమ పుట్టిన పదకొండో రోజు
కంటి కింద ఇలా తుడిచాను, అంతే,
దీపాల వేళ దాకా ఏడ్చింది పిల్ల.
ఆ తర్వాత మోచేత్తోనే నిమిరాను దాన్ని.
ఇప్పుడు ఇంటరు.

ఇరవై ఒకటి. ఇరవై రెండు.
చెవుల్లో ఎవరో తలుపు కొడుతున్నారు.
మీసం మళ్ళీ వచ్చింది,
ఈసారి వేలి కొస నుంచి మణికట్టు దాకా
నిదానంగా చదివింది.
ఆపైన నీలం డెక్క తెరుచుకుని
ఉంగరం వేలిని గట్టిగా పట్టుకుంది.
నొప్పి.
నొప్పికన్నా ముందు ఇంకేదో,
నేనెవరో తెలిసి కూడా
ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు.

తర్వాతి అంకె నాకు గుర్తులేదు.

పైకి తేలేసరికి
వేలికి డెక్క మాత్రమే వేలాడుతోంది,
రొయ్య లేదు.
అంకాలమ్మ తిప్పి చూసి నా చేతికే ఇచ్చింది.
"ఇడిచి పోయింది. దానికి మళ్ళా మొలుచుద్దిలే."
ఆమె సంచి నిండింది. ఎన్నో ఆమె లెక్కపెట్టలేదు.
ఖైరూన్ పిన్ని పులుసులో కారం దంచి పోసింది,
మా యార్డుదే అయ్యుంటుంది,
రెండుసార్లు వడ్డించుకున్నాను.
రాత్రి డాబా మీద దగ్గాను కూడా,
కాకపోతే కొంచెం.

జూన్. యార్డు తెరిచారు.
మొదటి టిక్కీ కాటా ఎక్కింది.
ఉంగరం వేలి మీద నల్లగా కమిలిన గీత ఇంకా ఉంది.
నోరు తెరిచి
ఊపిరి బిగబట్టాను.
కొట్టు గుమస్తా పెన్ను పట్టుకుని తలెత్తాడు.
"చెప్పవయ్యా," అన్నాడు.