కాలు అద్దెకు

ప్యాంటు మోకాలిదాకా మడిచి
చీకట్లో పీట మీద కూర్చోవడం, ఇదీ నా ఉద్యోగం.
సాయంత్రం ఆరు నుంచి నడిరాత్రి దాకా
నా ఎడమకాలు ప్రభుత్వానిది.

నవ్వకండి, జీతమిస్తారు.
జ్వరం రాకుండా మాత్రలూ ఇస్తారు.
దోమ వాలగానే టార్చి వెయ్యాలి,
అది కుట్టేలోపు గాజుగొట్టం బోర్లించి
దూది కుక్కి
గంట రాసున్న సంచిలో వెయ్యాలి.

మలేరియా దోమ కూర్చునే తీరే వేరు.
తల కిందికి, తోక పైకి,
చర్మంలో మేకు దిగేసినట్టు ఏటవాలుగా.
పెద్దగా రొద పెట్టదు. మర్యాదస్తురాలు.
ద్యెబుగు దాటాక, పత్తిచేల నడుమ,
ఎద్దుగిట్ట దిగిన గుంటలో చారెడు వాననీళ్ళుంటే
దానికి పుట్టిల్లు.

మా లోబీల్లో పేరు పెట్టడానికి తగవుండదు.
తొలి కొడుకు సియే, మలి కొడుకు సాన్సాన్,
మూడోవాడు ఓలో.
నేను సాన్సాన్‌ని.
ఓలో లేడు.
నాలుగో ఏట, వానలు వెనకబట్టాక, మూడు రోజుల జ్వరం.
ఎందరు కొడుకులని ఎవరడిగినా
అమ్మ ఇప్పటికీ మూడు వేళ్ళే చూపిస్తుంది.

పగలు గరిటె పట్టుకుని
ఆ గుంటల్లోంచి దోమపిల్లల్ని తోడిస్తాను.
పట్నం లాబులో మదామ్ క్పోదా వాటిని
కంటికి రెప్పలా పెంచుతుంది,
చంపి చూడటానికి.

ఒకసారి నన్నూ చూడమంది.
ఇరవై ఐదు ఆడదోమలు. ఒక గొట్టం.
లోపల మందు పట్టించిన కాగితం,
మా దోమతెరలకు పట్టించే మందే.
పది నిమిషాలు. ఇరవై.
ఒకటి తూలింది.
నా గుండె లేచింది, గొప్పగా ఉంటుంది తూలే దోమ.
అది కాళ్ళు సర్దుకుని మళ్ళీ గోడ పట్టుకుంది.
గంటయ్యాక వేరే గొట్టంలోకి మార్చి
పంచదార నీళ్ళు పెట్టి, రేపు రమ్మంది.

మర్నాడు రిజిస్టర్లో నాచేతే రాయించింది.
చచ్చినవి: మూడు.
మిగతా ఇరవై రెండూ తీరిగ్గా దూది పీలుస్తున్నాయి.
చీమ కుట్టినట్టైనా లేదు వాటికి.

నాకు అన్నయ్య గుర్తొచ్చాడు.
వీపున డబ్బా, మూతికి తువ్వాలు,
కాపుకి ఆరుసార్లు పిచికారీ.
రెండేళ్ళ కిందటిదాకా రెండో డబ్బా నాదే.
డబ్బా మీద పేరు వేరు గానీ
ఆ మందూ ఈ మందూ ఒకే ఇంటిపేరట.

"మేమే నేర్పామా వీటికి?" అనడిగాను.
"మందు ఏమీ నేర్పదు సాన్సాన్.
మీ అన్న విత్తనాలకి జొన్నలు ఏరేటప్పుడు ఏం చేస్తాడు?"
"తాలు పారేసి గట్టివి ఉంచుతాడు."
ఆవిడ గొట్టాలు కడగడానికి లేచింది.

మా తాతకీ నాకూ మధ్య ఉన్నది ఒక్క నాన్న.
అదే కాలంలో వాటికి
ఎన్ని వందలమంది తాతలో.

సియేకి చెప్పాను.
చెప్పేలోపే విన్నట్టు తలూపాడు.
"పిచికారీ మానితే పురుగు తింటుంది.
పురుగు మిగిల్చింది అప్పు తింటుంది.
ఇక దోమంటావా,
అది తినే వంతు ఎప్పుడో తినేసింది."
ఓలో పేరు మేమిద్దరం ఎత్తలేదు.

వాడి కూతురు యేరి పడుకునే తెరకి
చిరుగు పడ్డచోటల్లా ముడులు.
పట్టుకు చూశాను. ఉతికి ఉతికి ఉత్త గుడ్డ.
అయినా గుడ్డ గుడ్డే కదా,
అంచులు చాప కిందికి గట్టిగా దోపాను.
వచ్చే ఏడు రెండు మందుల తెరలు ఇస్తారట అని చెప్పాను.
"వాటికి చస్తాయా?"
"కొన్ని," అన్నాను.
పిల్ల అటు తిరిగి పడుకుంది.

రాత్రి మళ్ళీ పీట, మళ్ళీ కాలు.
ఎనిమిది దాటాక ఒకటి వచ్చి వాలింది.
టార్చి వేశాను.
తల కిందికి, తోక పైకి.
ఎందుకో గొట్టం ఒక్క రవ్వ ఆలస్యంగా దించాను.
ఎంత పుష్టిగా ఉందో.
మా చేలో ఏరిన గింజ.

దూది కుక్కాను.
ఎనిమిది–తొమ్మిది సంచిలో వేసి
కాలు గోక్కున్నాను.