మూడు లెక్కపెట్టి

నిన్న రాత్రి ఇంజన్‌ని బయట నిలిపి
ఖాళీ షెడ్డులో పన్నెండు మందిని వరసగా నిలబెట్టాను.
తలుపు కింది సందులోంచి సముద్రపు పొగమంచు.
పడవ దిగి నేరుగా వచ్చినవాళ్ల చేతులకి
ఎర చేపల వాసన ఇంకా వదల్లేదు.

వేళ్లు కలపండి. బొటనవేలు పారిపోకూడదు.
మణికట్టు విరగకూడదు.
ఎత్తడానికి మూడు లెక్క, దించడానికి మూడు.
ఈగని తోలుతున్నట్టు కాదు, ఆర్మాన్!

ఓడెట్ అడిగింది, పందొమ్మిదేళ్ల పిల్ల,
చేరి ఆరునెలలు నిండలేదు:
"అంత నెమ్మది ఎందుకు?
మాకన్నీ పరుగు మీదే నేర్పారు కదా."

ముప్పై ఒక్క ఏళ్లుగా నేర్పుతున్న ముక్క.
జవాబు నా దగ్గర ఉండాల్సింది.
గొంతు సవరించుకుని
"మళ్లీ మొదట్నుంచి" అన్నాను.

*

లియాండర్ మంటల్లో పోలేదు.
కోమో వాళ్ల గడ్డివాము ఆరిన గంటన్నరకి,
ఇంటికెళ్లి పడుకోమన్నా వినకుండా
ఈ షెడ్డులోనే పైపులు కడుగుతూ
ఐదో పైపు సగం చుట్టి
దాని పక్కనే కూలబడ్డాడు
ఊపిరి తీసుకుందామన్నట్టు.
తీసుకోలేదు.

ఊళ్లో ఎవరో గొణిగారు,
గుండెపోటుకి ఇంత తంతా అని.
నేను నిబంధనల పుస్తకం తీసి వేలుపెట్టి చూపించాను:
పని దిగిన ఇరవైనాలుగు గంటల లోపు.
నోళ్లు మూతపడ్డాయి.
తర్వాత ఆ పుస్తకాన్ని పాత రసీదుల కింద దాచాను,
మనిషికి సాక్ష్యంగా గడియారాన్ని పిలిచినందుకు సిగ్గేసి.

*

పొద్దున పెట్టె కోసం ఇంజన్ మీది పైపులన్నీ దింపాం.
నేలమీద సగం చుట్టిన ఆ ఒక్కదాన్ని
ఎవరూ ముట్టుకోలేదు.
ముట్టుకోవద్దని ఎవరూ చెప్పనూలేదు.

వంతెన దగ్గర పక్కూరి వాళ్లు
రెండు నిచ్చెనలు ఎత్తి కమాను కట్టారు.
టోపీ ఉన్నవాళ్లు సెల్యూట్, లేనివాళ్లు గుండెమీద చెయ్యి,
అదీ పద్ధతి.
బేకరీ గుమ్మంలో ఒకావిడ రెండూ చేసింది,
ముందు నుదురు, తర్వాత గుండె.
రెండుచోట్లా పిండి అంటింది.

గోతి దగ్గర గంట కొట్టాం. ఐదు, ఐదు, ఐదు.
రేడియోలో అమ్మాయి అతని నంబరు పిలిచింది.
"పద్నాలుగు."
గరగర.
"పద్నాలుగు, వినిపిస్తోందా?"
ఆర్మాన్ పెదవి కొరుక్కున్నాడు.
బతికుండగా కూడా మూడో పిలుపుకి గానీ పలికేవాడు కాదు.
అందుకే అందరం
మూడో పిలుపు దాకా, నిజంగానే, చెవులొగ్గాం.

"సెల్యూట్" అన్నాను.
ఒకటి దగ్గరే నా చెయ్యి మొరాయించింది.
ఆర్పడానికి ఏమీ లేని చోటికి
అందరం కలిసి రావడం ఇదే మొదటిసారి, ఓడెట్.
అందుకే కాబోలు.
ఇంతకన్నా సరైన జవాబు ఉంటే
నువ్వు పెద్దయ్యాక ఎవరికైనా చెప్పు.

జెలీ చేతిసంచీ గడ్డిమీద పెట్టి
ఎడమ చెయ్యి ఎత్తింది, వేళ్లన్నీ విడివిడిగా,
సైరన్ మోగిస్తూ మలుపు తిరిగే ఇంజన్‌లోంచి
అతను ఊపితే తను ఊపినట్టు.
ఊపలేదు. ఊరికే ఎత్తి ఉంచింది.

దించమని చెప్పాల్సింది నేనే.
మూడు దాటింది. పది దాటింది.
పన్నెండు మోచేతులు వణుకుతున్నాయి,
వరస చెక్కుచెదరలేదు.
ఆమె చెయ్యి దిగాకే
నా నోరు పెగిలింది.

*

సాయంత్రం పైపులన్నీ తిరిగి ఎక్కించాలి.
ఈ రాత్రే ఎవరి పొగగొట్టమో అంటుకోవచ్చు.
ఓడెట్ టోపీ తీసి పక్కన పెట్టి
సిమెంటు నేలమీద మోకాళ్లూని
మిగిలిన సగం చుట్టడం మొదలుపెట్టింది.

నెమ్మదిగా అని నేను అనలేదు.