బొటనవేలి పరీక్ష

గేట్స్‌హెడ్‌లో నవంబరు
నాలుగింటికే షట్టరు దించేస్తుంది.
టైన్ నది మీది గాలి ల్యాబు కిటికీ సందులోంచి దూరి
అట్ట మీద నేను లాగిన తడి ఎరుపును
నాకంటే ముందే ముట్టుకోవాలని చూస్తోంది.

ఎరుపంటే పండగ ఎరుపు కాదు, తుప్పు ఎరుపు.
తుప్పు పట్టకుండా ఇనుముకు తుప్పునే పూస్తాం,
ముల్లును ముల్లుతో తీసినట్టు.

బస్తా విప్పితే పొడి మెత్తగా, అమాయకంగా ఉంటుంది.
నమ్మకండి.
ఏ రేణువూ ఒంటరిగా రాదు.
ద్రావకంలో కుమ్మరిస్తే
ఉప్మా ఎసట్లో తొందరపడి పోసిన రవ్వలాగా
పైన తడి, లోపల పొడి. ఉండలు.

బ్లేడు తిరిగితే విడిపోతాయి.
గాజుపూసల మిల్లులో నూరితే ఇంకా విడిపోతాయి.
విడగొట్టడం ఎంతసేపు!
విడిపోయినవి రాత్రికి రాత్రి మళ్లీ ఒక్కటవకుండా చూడటం,
ఇరవై రెండేళ్లుగా
నేను జీతం తీసుకుంటున్నది అందుకు.

అందుకే డిస్పర్సెంటు.
తేనె చిక్కదనం, చేపల వాసన, ధర అడగొద్దు.
ఒక కొసతో రేణువును పట్టుకుంటుంది.
తోకను ద్రావకంలో ఆడిస్తూ
దగ్గరికొచ్చే ప్రతిదాన్నీ అంత దూరంలోనే ఆపుతుంది.
అది జిగురు కాదు,
ఎడం.
దూరపు కొండలు నునుపని
మావాళ్లు వెటకారానికన్నారు గాని
ఈ బల్ల దగ్గర అది ఫార్ములా.

పోయిన నెల కొనుగోళ్ల విభాగం నుంచి ట్రేసీ డాడ్స్
ఒక కాగితం తెచ్చిపెట్టింది,
డిస్పర్సెంటు పక్కన పెన్సిలుతో సున్నా చుట్టి.
వందకు ఒకటిన్నర వేసేదాన్ని,
ఒకటీ పావు చేశాను.
గేజి మీద గీత బాగానే వచ్చింది, ఇరవై ఐదు మైక్రాన్లు.
కప్పులోంచి సరిగ్గా జారాల్సినన్ని సెకన్లకే జారింది.
సంతకం పెట్టాను.

విల్ఫ్ హెడ్లీకి ఇది ఆఖరి వారం.
నలభై ఒక్క ఏళ్ల ద్రావకాలు
అతని వేళ్ల మీది రేఖలన్నీ తినేశాయి.
గేటు దగ్గర హాజరు మిషను అతణ్ణి గుర్తుపట్టదు,
రోజూ సెక్యూరిటీ కుర్రాడు లేచి తలుపు తీయాల్సిందే.

ఆ నున్నటి బొటనవేలితో
నా తడి పూత మీద, ఓ మూల,
చంటిబిడ్డకు చుక్క దిద్దుతున్నంత మెల్లగా
గుండ్రంగా రుద్దాడు.
ఎనిమిది చుట్లు.
చెయ్యి తీశాడు.

రుద్దినచోట ఎరుపు ముదిరింది.
చుట్టూ పాలిపోయి ఉంది.

అంటే అట్ట మిగతాదంతా
నేను చూడనప్పుడు
మళ్లీ గుంపులు కట్టింది.

విల్ఫ్ నా మొహం చూడలేదు.
"టీ తాగుతావా, పెట్?" అన్నాడు.
ఇక్కడ బస్సు కండక్టరూ అదే పిలుపు పిలుస్తాడు,
అయినా ఇవాళ కొంచెం గుచ్చుకుంది.

ఐదో ట్యాంకులో పద్దెనిమిది వందల లీటర్లు.
దీని మీద రెండు పూతలు బూడిదరంగు పడుతుంది.
ఓడ అడుగున, నీటి చీకట్లో,
నా ఎరుపును ఎవరూ చూడరు,
ఇనుము తప్ప.

ఇప్పుడు మందు కలిపినా సగమే పనిచేస్తుంది.
ముందు తాకాల్సింది
తర్వాత తాకితే రేణువు వినదు.

రిజిస్టరు తీశాను.
రుద్దుడు పరీక్ష: తప్పింది.
కారణం రాసే గడిలో
ట్రేసీ పేరు రాయబోయి
నా పేరు రాశాను.

టీ చల్లారింది. విల్ఫ్ తన కప్పు కడిగి
అలవాటు ప్రకారం బోర్లించి వెళ్లిపోయాడు.

గేటు దగ్గర మిషను
నా వేలిని రెండుసార్లు కాదంది.
ఊది, కోటుకు తుడిచి, మళ్లీ పెట్టాను.
మూడోసారికి
ఒప్పుకుంది.