పద్నాలుగో నంబరు గది

ఆనర్స్ అంటే ఏంది జంగన్నా,
ఇజ్జతే కదా, ఎవరి ఇజ్జత్ అని
క్యాంటీన్ల చాయ్ వడగడుతూ హబీబ్ అడిగిండు.
నేనేం చెప్పాలె?
నాకెరుకైంది ఆ గది తాళమొక్కటే.

పాత బ్లాకు వెనక, పద్నాలుగో నంబరు.
ఉప్పల్ బస్సు దిగి ఎనిమిదింటికల్లా తెరుస్త.
అండ్ల ముందు బెంచీ లేదు, ఎనక బెంచీ లేదు.
ఒక్కటే గుండ్రటి బల్ల, దానికి ఒక కాలు కురుచ,
కింద పాత ప్రశ్నపత్రం మడిచి పెట్టింది నేనే.
పన్నెండు కుర్చీలు పిల్లలకు, పదమూడోది మేడంకు.
ఏది మేడందో చూస్తే చెప్పలేం.

తొలినాళ్లల్ల ఈ పిల్లలు
మార్కుల్ని జేబుల చిల్లర లెక్క మోగించుకుంట వచ్చేటోళ్లు.
ప్రశ్న పూర్తిగాకముందే చేతులు లేసేవి.
హైమవతి మేడం ఒక మాటడిగి ఊకుండేది.
ఎంతసేపంటే
పంకా కిర్రుమనుడు నాకు వరండాల వినబడేది.
జీతం తీసుకుంట పాఠం చెప్పదేంది ఈమె అనుకున్న.

దసరా సెలవులైనంక ఒక పిలగాడు మానేసిండు.
"పని రెండింతలు, పట్టా అదే పట్టా,
నౌకరిచ్చేటోడు దీన్ని చూస్తడా?" అన్నడు.
తప్పేమన్నడు?
ఆ కుర్చీని గోడకు జరిపిన.
ఇప్పటికీ అక్కడ్నే ఉన్నది.

రవళిక, ఆలేరు పిల్ల.
లెక్కల్ల చదువు, నీళ్ల మీద పరిశోధన.
తార్నాకల దస్తావేజుల ఆఫీసుల నెల దినాలు దుమ్ము తిన్నది.
పాత నక్షలన్నీ ఉర్దూల ఉంటే
తహసీన్ పక్కన కూసొని అలిఫ్ బే దిద్దింది.
తహసీన్‌కు ఈమె లెక్కలు చెప్పేది, అది వేరే కత,
ఇద్దరూ నా టిఫిన్ డబ్బల ఆవకాయ ఖతం చేసిన్రు.

ఒక పొద్దు ఆ నక్ష పట్టుకొని నా స్టూలు కాడికొచ్చింది.
"అన్నా, సైకిల్ స్టాండు జాగల బావి ఉండెనా?"

ముప్పై ఒక్కేండ్ల నౌకరీల నన్నడిగినవి మూడే ప్రశ్నలు:
తాళమేది. సారున్నడా. గంట కొట్టినవా.
నాలుగోది ఇది.
కొంచెంసేపు నోరు పెగల్లేదు.

ఉండె బిడ్డా. నాకు తొమ్మిదేండ్లప్పుడు పూడ్చిన్రు.
తోటపనోళ్ల ఇండ్లన్నీ ఆ నీళ్లే తాగినయి.
స్టాండు గడప రాయి చూడు, అది బావి ఒరదే.
ఆ పిల్ల ఎండల గొంతుక్కూసొని
తాళ్లు ఒరుసుకుపోయిన గాట్లల్ల
ఒక్కొక్క దాంట్ల వేలు పెట్టి చూసింది.
అండ్ల ఏ గాటు మా అమ్మదో నాకేమెరుక.

ఆఖరి దినం బయటికెల్లి పెద్దసారు వచ్చిండు.
చాయ్ పట్టుకపోతుంటే విన్న:
"బావి లోతెంత?"
"తెల్వది సార్," అన్నది రవళిక.
"తెలుసుకునే తొవ్వలు రెండున్నయి, ఒకటి నేను చేయలేకపోయిన."
ఎవ్వరూ నవ్వలేదు.
తెల్వదన్న మాట ఆ గదిల మొదటేడు
ఒక్కరి నోట్ల తిరగలేదు హబీబ్,
గొంతుల ముల్లు లెక్క అడ్డం పడేది.

పుస్తకం కుట్టించినంక నాకొకటిచ్చింది.
ఇంగ్లీషు. మా కోడలు వేలు పెట్టి చూపింది:
కింద చిన్నక్షరాలల్ల నా పేరు,
అటెండర్, చెప్పిన తారీఖు.
జంగయ్యల ఒక అక్షరం తప్పు పడ్డది.
దిద్దుతనన్నది, నేనే వద్దన్న.

వచ్చే మే నెలల నాకు రిటైర్మెంటు.
తాళంచెవి ఎవరికియ్యాల్నో ఇంకా చెప్పలేదు.
కొత్త పిల్లలొచ్చిన్రు, మళ్లీ చేతులు లేస్తున్నయి,
బల్ల మళ్లీ ఊగుతున్నది,
కాగితం మడత మార్చాలె.

ఇజ్జత్ ఎవరిదంటవా?
చాయ్ పొయ్యి ముందు.
సైకిల్ స్టాండు దాకా నడిచొద్దాం.