కోక

నెలగంట పెట్టి ఆరు రోజులు.
ఇజీనగరం ఆసుపత్రి నుంచి వచ్చి పదకొండు.
చంపావతి మీద పుట్టిన మంచు
మా ఉలవచేను దాటి, దడి దాటి,
పెరట్లో గోగునార కట్టల మీద కూర్చుంది.
లేచి పోవడానికి దానికి తొందరేం లేదు.
నాకూ లేదు.

టైఫాయిడు దిగింది గానీ
పోతూ పోతూ పిక్కల్లో సత్తువ మూటగట్టుకుపోయింది.
మంచం నుంచి నూతిగట్టుకి పద్దెనిమిది అడుగులు.
తొమ్మిదో అడుగు దగ్గర కొబ్బరిమొక్క,
దాన్ని పట్టుకుని నిలబడతాను
ఆకుల్లో పురుగు వెతుకుతున్నట్టు.

దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొస్తోంది.
పారెయ్యను. ఉండ చుట్టి చూరులో దోపుతాను.
మొన్న మంగళవారం సైకిలతను
"సిక్కెంటికలకి గిన్నెలో" అని అరుచుకుంటూ వచ్చి
ఆ ఉండలన్నీ తూచి ఒక స్టీలు గిన్నె ఇచ్చాడు.
జబ్బులో నాకు మిగిలిన లాభం అదొక్కటే.
చోడంబలి అందులోనే తాగుతున్నాను.
ఉప్పుందో లేదో నాలిక్కి ఇంకా తెలీదు.
పక్కింట్లో గవరమ్మ నెత్తళ్ళు వేపినప్పుడు మాత్రం
ఒళ్ళందరికంటే ముందు ముక్కు కోలుకుందని తెలిసింది.

నాలుగు రోజుల కిందట
చీకటితోనే మెలకువొచ్చి
గొంగడి కప్పుకుని పంచలోకి వచ్చాను.

మంచులోంచి నేను వస్తున్నాను.
నా నీలిగళ్ళ నేతకోక, తలమీద ముసుగు, చేతిలో తప్పేలా.
గేదె వీపు నిమిరి, దూడని విప్పి, మళ్ళీ లాగి కట్టి,
గొంతు సన్నం చేసి
"రాయే నాతల్లి, సేపవే" అంటున్నాను.
అది చేపింది.
ఖాళీ తప్పేలాలో మొదటి ధార జువ్వుమంది,
పోనుపోను నురగలో మెత్తబడింది.

ముందు నవ్వొచ్చింది.
ఆ వెనకే కాళ్ళు వణికాయి, సత్తువ లేక కాదు.
నేను పోయి ఉన్నా
ఆ పొద్దు అలాగే తెల్లారేదన్నమాట.
పుంజు అదే గోడెక్కి కూసేది.
గేదెకి నేనంటే ఒక కోక.

లేవబోతుంటే కొంగు కట్టుకొయ్యకి తగులుకుంది,
ముసుగు జారింది.
చెవి మీద ఆరిన బీడీ, నెరిసిన మీసం,
మా దాలినాయుడు.
నన్ను చూసి పాలవైపు చూశాడు, పాలవైపు నుంచి గడ్డివాము వైపు.
"సలేసి కప్పుకున్నాను" అన్నాడు.
"అవును, సలి బాగానే ఉంది" అన్నాను.

సంగతంతా గవరమ్మ చెప్పింది, నవ్వు ఆపుకోలేక.
"మూడ్రోజులు తన్నులు తిన్నాడే అప్పా, మోకాలు సూడు ఎలా వాసిపోనాదో.
నీ పెళ్ళాం కోక కప్పుకో నాయుడా,
గేదికేటి తెలుస్తాది మొగుడో పెళ్ళావో, అన్నాను."
అప్పట్నుంచి రెండు పూటలా, వీధితలుపు గడియ పెట్టుకుని మరీ.
నేను మంచంలో మూలుగుతున్న అన్నాళ్ళూ
ఒక నేను కొట్టంలో తిరుగుతూనే ఉన్నాను.

ఇవాళ నేనే కట్టుకుని వెళ్ళాను.
కోక నిండా బీడీ కంపు.
గేదె మూతి చాపి కొంగు వాసన చూసింది,
నా చెయ్యి వాసన చూసింది,
మందుబిళ్ళల వాసనేమో, ఒకసారి చీదింది.
కాలెత్తలేదు.
రెండు చన్నులు పిండేసరికి వేళ్ళు కొయ్యబారాయి,
కంటిముందు మిణుగురులు.
తప్పేలా పక్కకి జరిపి
"మిగతా రెండూ నువ్వు తియ్యి" అన్నాను.

వచ్చాడు. గొంతుక్కూర్చోబోయి ఆగాడు.
గేదె వంక చూశాడు, నా వంక చూశాడు.

"మరి కోక?"